ఎవరూ కట్టని పాట

“మీ సంగీతం రేడియోలో విన్నానండీ,” అంది ఏవెలి, పొగబెట్టిన చేపను చీల్చి నల్ల రొట్టె పక్కన పెడుతూ. “రేడియో పాడైందనుకుని నెత్తిన రెండు దెబ్బలేశాను.”

తైవో కిర్సిపూ పకపకా నవ్వాడు. “బాగుపడిందా?”

“లేదు. ఇంకా నీరసంగా మూలిగింది.”

“అది రెండో భాగంలేమ్మా. బహుమతి దానికే ఇచ్చారు.”

శిష్యురాలు లీసెల్ నవ్వాపుకోలేక రికార్డరు మీదికి వంగింది. తైవో దేశమంతటా పేరున్న స్వరకర్త. రాజధాని తాలిన్‌లో జరిగే పాటల పండుగకు బృందగానం రాస్తానని ఒప్పుకుని, ఏడాదిగా ఒక్క వరసా కుదరక, పాత పాటలు వెతుక్కుంటూ హీయుమా దీవికి వచ్చాడు. బాగా పాడే ముసలమ్మలు రేవు దగ్గర ఉన్నారని ఎందరు చెప్పినా వినకుండా, ఊరికి దూరంగా విసిరేసినట్టున్న ఈ ఇంటికే కారు పోనిమ్మన్నాడు.

“మా అమ్మ హెల్యు ఉంటే బోలెడు పాడేది,” అంది ఏవెలి. “కిందటి చలికాలం పోయింది.”

తైవో చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు.

“నాకొచ్చింది ఒక్కటే. నన్ను నిద్రపుచ్చుతూ పాడేది. ఆఖర్న మమ్మల్నే గుర్తుపట్టలేదు గానీ, ఆ పాట మాత్రం మరిచిపోలేదు.”

పాడింది. రాని పడవ కోసం ఒడ్డున ఎదురుచూసే పిల్ల పాట. లీసెల్‌కు ఒళ్ళు జలదరించింది. తైవో కిటికీ వైపు తిరిగిపోయాడు.

“ఇంకొక్కసారి పాడతావా తల్లీ?”

మళ్ళీ పాడింది.

“మూడో పాదం చివర పైకి వెళ్ళాలేమో?”

“మా పాట మీరు దిద్దుతారేంటండీ? తాతల నాటిది! అమ్మ అక్కడ కిందికే దించేది.”

తైవో పెదవుల్లోనే అనుకుని చూశాడు. “మీ అమ్మదే ఒప్పు. పైకెత్తడం గొప్పలకు పోయేవాడి పని.”

“అదీ! ఆ కాలంవాళ్ళకి పాట కట్టడం తెలుసు. మీరేమో అంతంత చదువులు చదివి, తలుపు కిర్రుమన్నట్టు రాస్తారు.”

“నా తలుపులకి నూనె కరువమ్మా,” అన్నాడు తైవో. ఈసారి నవ్వలేదు.

కారెక్కగానే లీసెల్ గంతులేసినంత పని చేసింది. “దొరికింది మాస్టారూ! దీన్నే బృందగానం చేద్దాం. మీరు రాసినవి విని ఎవరూ ఇలా...” అని నాలిక కరుచుకుంది.

“ఫర్వాలేదు, పూర్తిచెయ్యి. అందరూ అనేదేగా.”

ఆ వేసవి పండుగలో వేల గొంతులు ఆ పాట ఎత్తుకున్నాయి. వాన పడుతున్నా జనం కదల్లేదు. మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. జానపదం, కట్టినవారెవరో తెలియదని వేదిక మీంచి ప్రకటించారు.

“బృందగానంగా మలిచింది మీరేగా, మీ పేరైనా చెప్పనివ్వలేదేం మాస్టారూ?” అంది లీసెల్.

“చెబితే సగంమంది ఇళ్ళకి పోయేవాళ్ళు.”

అన్నాడే గాని, గొడుగు కూడా వేసుకోకుండా జనం మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

కుర్రతనంలో హెల్యు కోసం ఆ పాట కట్టింది అతనే.