గిజిగాడి ముడి

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద గిజిగాళ్ల గుంపు ఒకటుండేది. వానలు ముంచుకొస్తున్నా కుర్రపిట్టలకు గూడు అల్లడం రాలేదు. గుంపుపెద్ద, అల్లికలో అందరికన్నా చురుకైన సూదిముక్కును పిలిచి, "వీళ్లకు నువ్వే నేర్పాలిరా" అన్నాడు.

సూదిముక్కు పొంగిపోయాడు. రెప్పపాటులో గడ్డిపోచను కొమ్మకు ముడేసి, "చూశారుగా, ఇంతే!" అన్నాడు. కుర్రపిట్టలు వేసిన పోచలన్నీ జారి వాగులో పడ్డాయి. మళ్లీ చూపించాడు. మళ్లీ పడ్డాయి.

అప్పుడు బుడంకాయ అనే చిన్నపిట్ట అడిగాడు: "అన్నా, నువ్వు ముక్కుతో ఒక కొస తిప్పుతుంటే, రెండో కొస జారిపోదేం?"

సూదిముక్కు తన ముడిని వంగి చూసుకున్నాడు. ఇన్ని గూళ్లు అల్లాడు కానీ ఆ సంగతి ఎన్నడూ గమనించలేదు! ముడి విప్పి, తనకే కొత్తన్నట్టు నెమ్మదిగా వేశాడు. అందరూ మెడలు చాచి చూశారు.

"కాలు, అన్నా! కాలితో తొక్కిపట్టావు!" అని అరిచాడు బుడంకాయ.

"అవున్రా!" అన్నాడు సూదిముక్కు, అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోతూ.

పొద్దు వాలేలోగా కొమ్మనిండా ముడులు పడ్డాయి. గుంపుపెద్ద వచ్చి చూసి, "వచ్చే ఏడు నేర్పడానికి ఎవర్ని తయారు చేద్దాం?" అని అడిగాడు.

బుడంకాయ ముడి ఇంకా వదులుగానే ఉంది. అయినా సూదిముక్కు వాణ్ణే చూపించాడు.