అల్యూమినియమా, ఇనుమా?

“ఈ డబ్బుకి వించ్ వస్తే బంపరు రాదు సార్. బంపరు వస్తే వించ్ రాదు. రెండూ కావాలంటే బండి అమ్మేసి రండి, కొనిపెడతాను,” అన్నాడు మెకానిక్, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

లైబ్రేరియన్ ముఖం మాడిపోయింది. ఇంకో పదిహేను రోజుల్లో జీపుల క్లబ్బువాళ్లతో కొండదారి ప్రయాణం. అందరి బండ్లూ ఒళ్లంతా ఇనుము తొడుక్కుని వస్తాయి. తన జీపు ఒక్కటే షోరూములోంచి దిగినట్టు బోడిగా వెళితే పరువేం కావాలి? బురదలో దిగబడితే లాగడానికి వించ్ అయినా లేకపోతే ఎలా? పైగా ఆ నాలుగు రోజులూ భార్యని పక్కన కూర్చోబెట్టుకుని, రాళ్ల మీదా వాగుల్లోనూ బండిని ఉరికించి, తనెంత మొనగాడో చూపించాలని ఆయన కోరిక. మొగుడికి ట్యూబులైటు మార్చడం కూడా చేతకాదని ఆవిడకి గట్టి నమ్మకం. అది ఈ దెబ్బతో వదిలిపోవాలి.

ఆవిడ పాత టైర్ల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. డబ్బున్న సంచీ ఆవిడ ఒళ్లోనే ఉంది. “ఇంక చాల్లెండి, పదండి ఇంటికి,” అనబోతోందని ఆయన భయపడ్డాడు.

ఆవిడ లేచి వచ్చి బంపరుని వేలితో తట్టింది.

“ఇది దేంతో చేశారు?”

“అల్యూమినియం అమ్మా. చాలా తేలిక.”

“ఇనుముది లేదా?”

“లేకేం! ధర మూడోవంతే. కానీ బరువు, అమ్మా. ఇద్దరు పట్టుకుంటేగానీ లేవదు.”

“లేస్తే ఎంత, లేవకపోతే ఎంత! మోసేది మనం కాదుగా, బండేగా? ఇనుముదే ఇవ్వండి.”

లైబ్రేరియన్ తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. ఆవిడ అక్కడితో ఆగలేదు.

“ఈ వించ్‌కి నైలాను తాడెందుకు? పుటుక్కుమంటే ఏం చేస్తారీయన? ఇనుప తీగ చుట్టండి. అదీ చవకేగా?”

“చవకే అమ్మా.”

“మరి మిగిలిన డబ్బుకి టాపు మీద సామాన్ల చట్రం వస్తుందా? ఆ సన్నటిది వద్దు. అదిగో, ఆ మూల పడుందే లావుపాటిది, అది.”

అలా బేరం చేసి చేసి, ఇంజను కింద రాళ్లు తగలకుండా మందపాటి పలక, వెనక ఇంకో బంపరు కూడా అదే డబ్బులో తెప్పించింది. చివరికి మిగిలిన చిల్లరకి రెండు నీళ్ల డబ్బాలు బిగించమంది. బిగించాక వాటిని అక్కడే కుళాయి కింద మూతిదాకా నింపించింది కూడా.

“చూశావా? బడ్జెట్ అంటే ఇలా ఉండాలి!” అని మెకానిక్ వైపు మీసం దువ్వాడు లైబ్రేరియన్. పుస్తకాల బీరువా పై అరలోంచి పుస్తకం తీయాలంటే స్టూలు వెతుక్కునే మనిషి, ఆ రోజు జీపు పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటే రెండడుగులు పెరిగినట్టే కనిపించాడు. ఇన్నేళ్లూ ఇలాంటి ఇల్లాలిని అర్థం చేసుకోలేకపోయానే అని ఆయన కళ్లు చెమర్చాయి.

ఇక మిగిలింది తూకం. మనుషులతో సహా బండి బరువు కాగితాల్లో రాసిన పరిమితి దాటకూడదనీ, తూకం చీటీ చూపించనిదే ఎవర్నీ రానివ్వమనీ క్లబ్బు నియమం. అటునుంచి అటే ఊరి చివర వేబ్రిడ్జికి పోనిచ్చాడు. దుమ్ము పడదంటూ ఆవిడ గేటు దగ్గరే దిగిపోయింది. ఆయన బండిని తూకం పలక మీదికి ఎక్కించి దిగాడు.

కిటికీలోంచి తూకం మనిషి అంకె చూశాడు, బండి కాగితాలు చూశాడు.

“సార్, ఇంక ఎనభై కిలోలే ఎక్కొచ్చు.”

“ఎనభయ్యా? నేనే డెబ్బై ఎనిమిది!”

“అయితే మీరు ఎక్కొచ్చు. ఇంకొకరు ఎక్కకూడదు.”

లైబ్రేరియన్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. విషయం చెప్పాడు. “ఏం ఫరవాలేదులే. ఆ చట్రం పీకించేస్తాను. వెనక బంపరు కూడా తీయించేస్తాను. నువ్వు లేకుండా నేనొక్కణ్ణీ వెళ్లి ఏం చేయను?”

“ఎంత మాటన్నారండీ!” అని ఆవిడ ఆయన చేయి పట్టుకుంది. “ముచ్చటపడి పెట్టించుకున్నవి నాకోసం పీకిస్తారా? నేను చూస్తూ ఊరుకుంటానా? మీ సరదా కన్నా నాకేం ఎక్కువ? మీరు వెళ్లి రండి. నా సంగతి నేను చూసుకుంటాను.”

అంతలో బస్సు వచ్చింది. ఆవిడ చెంగున ఎక్కి కూర్చుని కిటికీలోంచి చేయి ఊపింది. అంత త్యాగం చేస్తూ కూడా మొహంలో చిరునవ్వు చెదరలేదు. లైబ్రేరియన్‌కి ఏడుపొక్కటే తక్కువ. జేబురుమాలుతో కళ్లు ఒత్తుకుంటూ చీటీ కోసం కిటికీ దగ్గరికి వచ్చాడు.

“సార్, ఈ జీపుని పోయినవారం అమ్మగారు తెచ్చి తూయించారండీ. అప్పుడింత సరంజామా లేదు,” అంటూ తూకం మనిషి చీటీతోపాటు ఇంకో కాగితం కూడా చేతిలో పెట్టాడు. “అప్పుడే దీన్ని ఇక్కడ మరిచిపోయారు. ఇచ్చేయండి.”

భార్య దస్తూరీయే. ఖాళీ బండి 1650. ఇనుప బంపరు 65. తీగతో వించ్ 45. లావు చట్రం 60. పలక 50. వెనక బంపరు 70. నీళ్లతో డబ్బాలు 55. ఆయన 78. ఆయన టిఫిన్ డబ్బా 2. మొత్తం 2075. కాగితాల్లో పరిమితి 2075.

దాని కింద రెండు గీతలు గీసి రాసుంది: “నాకు చోటు లేదు. అమ్మయ్య!”