కొమ్మకు కప్పిన బొంత

చలికాలం దగ్గరపడుతోందని ఒక తల్లి కోతి తన పిల్లకు బొంత కుట్టడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఆరేసిన పట్టుచీరల అంచులు పీక్కొచ్చి, రంగుకు రంగు జతచేసి పైపొర కుట్టేసింది.

"లోపల రెండు పాత చీరలు మడతపెట్టి పరుచు వదినా. నడుమ నుంచి అంచులదాకా కుట్లు వేస్తే కదలకుండా, వెచ్చగా ఉంటుంది," అంది పక్కకొమ్మ మీది ఉడుత.

"పాతగుడ్డలా! లోపల ఏముందో ఎవరు చూడొచ్చారులే," అని కోతి మూతి తిప్పింది.

ఆ పైపొరకే బొంత అని పేరుపెట్టి, చలి చెట్టుకే వేస్తున్నట్టు తీసుకెళ్ళి కొమ్మకు కప్పింది. పిల్ల ముట్టుకోబోతే, "మాసిపోతుంది!" అని చేతిమీద ఒక్కటిచ్చింది.

అడవంతా చూడ్డానికి వచ్చింది. "పిల్లంటే ఎంత ప్రేమో!" అని నెమలి కళ్ళు తుడుచుకుంది. ఆ కొమ్మ కిందే పిల్లకు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు మాత్రం ఎవరికీ వినపడలేదు.

పొద్దువాలి అందరూ వెళ్ళిపోయాక, పిల్ల తల్లి తోక పట్టుకుని లాగింది.

"అమ్మా, చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు కదా. ఇప్పుడైనా కప్పుకోవడానికి ఏదైనా ఇవ్వవే."