ఆఖరున బస్సెక్కిన మనిషి

"నాకోసం బస్సంతా కాచుకుని కూర్చుందా, ఇక చచ్చినా ఇంట్లోంచి కదలను" అంది ఫుమియే, నారింజ తోట దగ్గర బస్సు దిగుతూ.

"అందాకా రానివ్వనుగా!" అంది కూతురు చిజురు.

అన్నదే గానీ, ఆమెకీ అదే భయం.

విరిగిన తుంటి ఎముక అతుక్కుని చాలా రోజులైనా అమ్మ గడప దాటలేదు. చలికాలపు దీపాల తోట చూపిస్తానని బతిమాలి, నగోయాలో ఈ టూరు బస్సెక్కించింది చిజురు. ఈ ప్రయాణం బెడిసికొడితే అమ్మ మళ్ళీ ఆ గదిలోనే ముడుచుకుపోతుంది.

వెనక సీట్లోని టోపీ పెద్దాయన ఆగి, వాళ్ళు దిగాకే దిగాడు.

తోటలో చిజురు ఒక్క పండూ నోట పెట్టలేదు. వాచీ చూసుకోవడం, అమ్మను తొందరపెట్టడం, ఇదే పని.

"లాగకే! మోకాళ్ళు నావి."

ఇద్దరూ రొప్పుతూ బస్సెక్కేసరికి అందరూ కూర్చునే ఉన్నారు. ఫుమియే మొహం పాలిపోయింది.

"ఇంకొకరు రావాలండీ" అంది గైడు అమ్మాయి.

అప్పుడొచ్చాడు టోపీ పెద్దాయన. వరస వరసకీ వంగి క్షమాపణ చెప్పుకుంటూ తన సీటుకి వెళ్ళాడు.

భోజనాల దగ్గరా ఇదే తంతు.

"నాకంటే నిదానస్తుడు దొరికాడే!" ఫుమియే కూతురి చెవిలో కిసుక్కుమంది.

చీకటి పడేవేళకు దీపాల తోట చేరారు. కొండవాలంతా నీలం, బంగారు రంగుల వెలుగు. ఫుమియే కళ్ళప్పగించి ఉండిపోయింది.

"అమ్మా, ఇక పద."

"ఉండవే. ఆ దీపాల సొరంగంలోకీ వెళ్దాం."

"టైమైపోతోందే!"

"కానీలే. ఆ టోపీ ఆయన ఎలాగూ నా వెనకేగా!"

తిరిగి బస్సెక్కేసరికి బాగా ఆలస్యమైంది. ఎవరో గట్టిగా నిట్టూర్చారు. చిజురుకి తల కొట్టేసినట్టయింది.

అంతలో పెద్దాయన ఎక్కాడు.

"ఏం తాతగారూ, మీకు వాచీ లేదా? మీ ఒక్కరి కోసం ఇంతమంది పడిగాపులు పడాలా?"

అమ్మ మీద పడ్డ చూపులు అటు మళ్ళాలనే అంది చిజురు. మళ్ళాయి.

"తప్పు నాదేనమ్మా. దీపాలు చూస్తూ ఒళ్ళు మరిచాను."

చలికి ఆయన పెదవులు వణుకుతున్నాయి. బస్సంతటికీ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.

నగోయాలో అందరికంటే ముందు దిగి, స్టేషను జనంలో కలిసిపోయాడు.

"వచ్చే ఏడూ వద్దామే" అంది ఫుమియే.

ఆ మాట కోసమే కదా ఇన్ని పాట్లు! చిజురుకి ప్రాణం లేచొచ్చింది. అమ్మను దింపి బెంచీ మీద కూర్చోబెట్టి, సంచీ కోసం వెనక్కొచ్చింది.

"ఆ తాతగారితో వేగలేక చచ్చుంటారు పాపం!" అంది డ్రైవరుతో, నవ్వుతూ.

డ్రైవరు నవ్వలేదు.

"ఆయన దీపాలు చూడనే లేదమ్మా. చెప్పొద్దని అద్దంలోంచి నాకు సైగ చేశారు గానీ, ప్రతిచోటా అందరికంటే ముందే వచ్చేసి, మీ అమ్మగారు ఎక్కేదాకా బస్సు వెనకాల చలిలో నిలబడ్డారు."