ఒక చుట్టు వదులు

నా విల్లును పాడుచేసింది గోర్డీయే. నా భార్య వెర్నా తమ్ముడు వాడు. విస్కాన్సిన్‌లో మా ఊరి విల్లుల కొట్టు వాడిదే. రేపు జింకల వేట మొదలు, ఎంత లాగినా నారి చెంపదాకా రావడం లేదు.

"ఇది డెబ్బై పౌండ్ల బలంతో లాగే విల్లు. ఇన్నేళ్లూ లాగాను. ఏం చేశావురా?"

గోర్డీ నవ్వాడు. "డెబ్బయ్యా? ఇప్పుడది యాభై, బావా. ఏటా వేటకు ముందు అక్క తెచ్చి, బిగువు తగ్గేలా మర ఒక చుట్టు వదులు చేయించేది. నీతో చెబితే చంపుతాననేది. ఆమె చనిపోయాక ఈ ఏడు తెచ్చేవాళ్లేరి?"

"మరి నేను కొట్టిన జింకలు?"

"చివరివి యాభైకే పడ్డాయి. ఒక్కటైనా లేచొచ్చి తప్పు పట్టిందా?"

విల్లు బల్లమీద పెట్టాను. "తిప్పు."

"ఎంత?"

"మీ అక్క తిప్పించేటంత."

నారి హాయిగా చెంపదాకా వచ్చింది. వాడింకా నవ్వుతూనే ఉన్నాడు.

ఎవరడిగినా నా విల్లు డెబ్బై పౌండ్లదే. ఈ మాట ఇంకెప్పుడూ ఎత్తను.