బూడిదలో గింజలు

చుక్కపెట్ట తొలిసారి గుడ్లు పెట్టింది. వాటిని పొదగాలా, వద్దా అన్నది తేల్చుకోలేక బోడిమెడ పెట్టను అడిగింది. అది ఆరుసార్లు పొదిగిన పెద్దపెట్ట.

"అత్తా, పిల్లలు పుడితే ఎలా ఉంటుంది?"

బోడిమెడ నోరు తెరిచేలోగా గోడమీది ఎర్రపుంజు అందుకుంది. "స్వర్గమే! పిల్లల ముఖం చూడగానే పడిన కష్టమంతా మరిచిపోతావు." జన్మలో ఒక్క గుడ్డు మీదా కూర్చోనివాడికి ఆ సంగతులన్నీ బాగా తెలుసు.

"నిజమేనా అత్తా?"

"నిజమే," అంది బోడిమెడ.

చుక్కపెట్ట ఇరవై ఒక్క రోజులు గంపలో కూర్చుంది. రొమ్ము ఈకలు రాలాయి, ఒళ్లు సగమైంది. తొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి. వాటికి గింజలు ఏరి చూపించింది, గద్ద వస్తే రెక్కల కింద దాచింది. ఆ స్వర్గం కోసం మాత్రం వారం రోజులు ఎదురుచూసి, బూడిదగుంటలో పొర్లుతున్న బోడిమెడ దగ్గరికి తలదించుకుని వచ్చింది.

"అత్తా, నాలో ఏదో లోపముంది. నాకు అలసట తప్ప ఏమీ రాలేదు."

బోడిమెడ పొర్లడం ఆపి, "నాకూ రాలేదే," అంది.

"మరి ఆరుసార్లు పొదిగావు కదా?"

"ఈసారైనా వస్తుందేమోనని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నాకొక్కదానికే రాలేదనుకున్నాను. సిగ్గేసింది."

అంతలో కొత్తగా గుడ్లు పెట్టిన నల్లపెట్ట పరుగెత్తుకొచ్చింది. "అక్కా, పిల్లలు పుడితే ఎలా ఉంటుంది?"

గోడమీద పుంజు గొంతు సవరించుకుంది. చుక్కపెట్టా, బోడిమెడా తలలు దించుకుని, బూడిదను కాళ్లతో గబగబా కెలుకుతూ గింజలు వెతకసాగాయి. ఆ బూడిదలో ఒక్క గింజా లేదని రెండింటికీ తెలుసు.