గోడ మీద చొక్కా ముక్క

"గురి తప్పింది," అంది రెమీ, వేట గుడిసె గుమ్మంలోనే ఆగిపోయి.

డ్వైట్ బాబాయ్ కాఫీ కప్పు కింద పెట్టి చేతులు రుద్దుకున్నాడు. "కత్తెర! నెల్డా, కత్తెర ఎక్కడ పెట్టావే?"

"ఇప్పుడే పంది మాంసం కోశాను దాంతో. కడగనా?" అంది నెల్డా పిన్ని.

"వద్దు, జిడ్డుతోనే కోద్దాం. ఈ పిల్లకి జన్మంతా గుర్తుండాలి."

గురి తప్పినవాళ్ల చొక్కా వెనక అంచు కోసి, పేరూ తేదీ రాసి గోడకి మేకు కొట్టడం ఆ గుడిసెలో ముత్తాతల నాటి పద్ధతి. గోడ నిండా గళ్ల చొక్కాల ముక్కలే. డ్వైట్‌వే నాలుగున్నాయి. యాభై ఏళ్లుగా వేటాడుతున్న ఓడెల్ తాతది మాత్రం ఒక్కటీ లేదు.

తాత పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. తన మంచె దిగి అంతకుముందే వచ్చినట్టున్నాడు, ఇంకా కోటు కూడా విప్పలేదు.

"అసలు తగల్లేదంటావా పిల్లా?" అని అడిగాడు, నిప్పుల వైపే చూస్తూ.

"లేదు తాతా. గుండు జింక వీపు మీద నుంచి పోయింది."

"సరే."

అంతే అన్నాడు. మొన్న వేట మొదలైన రోజు ఆయన ఇంత పొదుపుగా మాట్లాడలేదు. రెమీ భుజంలో ఆపరేషన్ చేసి పెట్టిన స్టీలు పట్టీ ఉంది. మామూలు తుపాకీ వెనక్కి తన్నితే ఓర్చుకోలేదని డ్వైట్ ఆమె కోసం గాలి ఒత్తిడితో పెద్ద గుండు పేల్చే ఎయిర్ గన్ తెచ్చాడు. దాన్ని చూడగానే తాత మండిపడ్డాడు.

"జింకని సైకిల్ పంపుతో కొడతార్రా ఎవరన్నా?"

"నలభై గజాల లోపల, ఊపిరితిత్తుల మీద కొడితే ఆ బలం చాలు నాన్నా."

"చాలో చాలదో జింకని అడుగు. అది చంపదు, కుంటిదాన్ని చేసి వదులుతుంది. ఆ మూగది పొదల్లో పడి మూడు రోజులు చస్తుంది. అలా ఒక్కటి జరిగిందా, ఆ పంపుని నేనే వాగులో పారేస్తా. ఒక్క గుండుతో జింక శుభ్రంగా పడిపోయిందా, నా చొక్కా నేనే కోసుకుంటా. పో."

ఎయిర్ గన్ వాగులోకి పోతే రెమీకి ఇక వేటే లేదు.

ఆమె వెనక్కి తిరిగి నిలబడింది. నడుం దగ్గర కత్తెర కరకరమంది. నెల్డా పకపకా నవ్వింది. రెమీ కుడిచెయ్యి జీన్స్ జేబులోంచి తియ్యలేదు. చూపుడువేలి గోరు కింద నెత్తురు ఎండిపోయి ఉంది.

గుండు తగిలిన చప్పుడు ఆమె విన్నది. జింక నడుం వంచి ఒక్క దూకు దూకి పొదల్లోకి పోయింది. రాలిన ఓక్ ఆకుల మీద మూడు చుక్కలు. కొంచెం ముందు మరో రెండు. విరిగిన సీడర్ చెట్టు దగ్గర ఇక ఏమీ లేవు. భయమేసి అక్కడి నుంచే వెనక్కి వచ్చేసింది.

"అక్షరాలు సరిగ్గా రాశానా చూడు," అంటూ డ్వైట్ ముక్కని గోడకి కొట్టాడు. "దా, తిను. ఏడవకు. నా మొదటి ముక్క దీనికంటే పెద్దది."

నెల్డా చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే వడ్డించింది. "మావయ్యగారూ, ఆ కోటు విప్పండి. పొయ్యి పక్కన ఉడికిపోతున్నారు."

"చలిగా ఉందమ్మా," అన్నాడు తాత. ఆయన నుదుటి మీద చెమట మెరుస్తోంది.

రేకుల కప్పు మీద టప్‌మని ఒక చినుకు పడింది. తర్వాత ఇంకోటి.

రెమీ చేతిలో చెంచా ఆగిపోయింది. వాన వస్తే ఆకుల మీద చుక్కలు కొట్టుకుపోతాయి. ఇక ఆ జింకని ఎవరూ వెతకలేరు. ఎక్కడో పడుకుని, అది కూడా ఇదే చప్పుడు వింటూ ఉంటుంది.

"తప్పలేదు," అంది.

"ఏంటి?" అన్నాడు డ్వైట్.

"గుండు తప్పలేదు బాబాయ్. తగిలింది. నెత్తురు చూశాను. చూసి కూడా వదిలేసి వచ్చాను." జేబులోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. "ఎయిర్ గన్ వాగులో పారేసెయ్ తాతా. నన్ను మళ్లీ తీసుకురాకపోయినా సరే. కానీ ముందు దాన్ని వెతుకుదాం. వాన పెద్దదవుతోంది."

ఎవరూ నవ్వలేదు. డ్వైట్ రొట్టె వదిలేసి టోపీ అందుకున్నాడు. "జాడ ఎక్కడ పోయింది?"

"విరిగిన సీడర్ దగ్గర."

"నాన్నా, లే. నలుగురం పోతే త్వరగా..."

"కూర్చోండి," అన్నాడు తాత. "వెతకక్కర్లేదు."

డ్వైట్ గుమ్మంలో గిర్రున తిరిగాడు. "నువ్వేనా ఈ మాట అంటున్నది? దెబ్బ తిన్నదాన్ని వదిలి రాకూడదని చిన్నప్పుడు నన్ను రాత్రంతా తిప్పావే!"

తాత మొదటిసారి రెమీ మొహంలోకి చూశాడు.

"ఆ సీడర్ దాటి ఇంకో ఇరవై అడుగులు వెయ్యాల్సింది పిల్లా. నా మంచె అటువైపే ఉంది. నా కళ్ల ముందే పడింది అది." కోటు మొదటి గుండీ మీద చెయ్యి వేశాడు. "చెప్పేద్దామనే వచ్చాను. ఇంతలో నువ్వొచ్చి గురి తప్పిందన్నావు. నాకు హమ్మయ్య అనిపించింది. నోరు మూసుకున్నాను."

"ఏం చెప్పేద్దామని తాతా?"

ఆయన లేచి, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, గోడ వైపు తిరిగాడు.

ఆయన చొక్కాకి వెనక అంచు లేదు.